పద్నాలుగో వరస

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం ఆఫీసులో ఇచ్చారు. అట్ట మీద సంస్థ గుర్తు ఉంది. ఒక సూర్యుడు, కింద రెండు అరచేతులు. వర్క్‌షాపులో ఆడవాళ్ళు చెప్పే కథలు ఇందులో రాసుకోవాలట. దానికి నా కాలేజీ నోట్సుల్లో మిగిలిన కాగితాలు చాలు. దీన్ని నాకోసం ఉంచుకున్నాను. మా ఇంట్లో కొత్త పుస్తకం తెరిచింది ఎప్పుడూ నేనే.

ఉద్యోగం మూడు నెలలకి. కథలు రాసేవాళ్ళం ముగ్గురం. మూడు నెలలయ్యాక ఒకరిని పర్మనెంటు చేస్తారు.

పనేమిటో నాన్నకి వివరంగా చెప్పాను. బొగ్గు ప్లాంటు మూతపడింది, సోలార్ ప్లాంటు వచ్చింది. ఈ మార్పులో ఆడవాళ్ళకి ఏం జరిగిందో వాళ్ళచేతే కథలుగా చెప్పించి రాయాలి అన్నాను. నాన్న తన దగ్గు ఆగేదాకా ఆగాడు.

"ఏం జరిగింది? అప్పుడు నల్లగా ఇంటికొచ్చేవాళ్ళు. ఇప్పుడు తడిసి ఇంటికొస్తున్నారు."

"అయిపోయిందిగా కథ. మిగతా మూడు నెలలు ఏం చేస్తావే పంతులమ్మా?" అంది అక్క. అక్క ఆ సోలార్ ప్లాంటులోనే ప్యానెళ్ళు కడుగుతుంది.

మార్చి 6, గురువారం

మొదటి సమావేశం. బొగ్గు ప్లాంటు పాత క్యాంటీన్ గదిలో పెట్టారు. గోడలకి కొత్తగా సున్నం వేశారు కానీ కిటికీ గాడిలో వేలు పెడితే ఇంకా నల్లపొడి అంటుతుంది. కుర్చీలు గుండ్రంగా వేశాను. ఆడవాళ్ళు పని ముగించుకుని పదింటికి వచ్చారు. వాళ్ళ పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. ఎండెక్కకముందే కడగాలి. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. అందరి బట్టలూ మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. కుర్చీలు పాడవుతాయని అంచుల మీద కూర్చున్నారు.

సంస్థ నడిపే మేడం, "ఇక్కడ పెద్దా చిన్నా లేదు, అందరం ఒకటే" అని మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కరి కుర్చీకే దిండు ఉంది. నడుం నొప్పి పాపం. ఇలాంటివి రాయకూడదు నేను. నన్ను నమ్మి ఉద్యోగం ఇచ్చిన మనిషి.

నియమం ఒకటే. ఎవరూ 'నేను' అనకూడదు. 'అనగనగా ఒకామె' అని చెప్పాలి. అప్పుడు ఎవరి కథో బయటివాళ్ళకి తెలియదు, భయం ఉండదు. రాశాక, చెప్పినామెకి కథంతా చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఆ పని నాది. మేడం ఈ చివరి మాట రెండుసార్లు చెప్పారు. కథ ఆమెది, మనది కాదు అన్నారు. నాకు చాలా నచ్చింది.

అక్క నన్ను ఎరగనట్టు కూర్చుంది. పేర్లు చెప్పుకోమంటే, "రాసే మేడంగారికి నా పేరు తెలుసండి, చిన్నప్పుడు నా జడ పట్టుకునే నిద్రపోయేది" అంది. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

పనిలో వాడే వస్తువొకటి తెచ్చి దాని మీద కథ చెప్పమన్నాం. నీళ్ళ ట్యాంకరు దగ్గర పైపు పట్టుకునే పొడుగామె ప్లాస్టిక్ సీసా తెచ్చింది.

"అనగనగా ఒకామె. కంపెనీ ఆమెకో సీసా ఇచ్చింది. నీళ్ళు బాగా తాగండి, ఆరోగ్యంగా ఉండండి అని దాని మీద రాసుంది. లోపల ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అందుకని ఆమె ముందురోజు సాయంత్రం నుంచే గుక్క నీళ్ళు ముట్టదు. సీసా మాత్రం రోజూ తీసుకెళ్తుంది. గేటు దగ్గర చూస్తారుగా, సీసా ఉందా లేదా అని."

"మరి ఆమె ఏం చేసింది?" అని అడిగారు మేడం.

"ఏం చేస్తుందండీ. సీసాలో వంటనూనె పోసుకుంది."

నా ఫారంలో మూడు గడులున్నాయి. సమస్య, మలుపు, ఆశ. నూనె ఎందులో రాయాలో తెలియలేదు. మలుపులో రాశాను.

మార్చి 7

అక్క కూడా సాయంత్రం నుంచి నీళ్ళు తాగదు. ఇద్దరం ఒకే గదిలో పడుకుంటాం. ఏడాదిగా నేను గమనించలేదు.

మార్చి 13, గురువారం

ఈరోజు అక్క చెప్పింది.

రుమాల్లో చుట్టి ఒక కాలిన కనెక్టర్ తెచ్చింది. రెండు ప్యానెళ్ళ తీగలు కలిసేచోట ఉంటుందది. బొటనవేలంత నల్ల ముక్క, ఒక చివర కరిగి ముద్దయింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. తడి సంగతి మర్చిపోయినట్టుంది. ఆమె మాటలు పోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

"అనగనగా ఒకామె. బొగ్గు బెల్టు కింద ఊడ్చేది. అంతకుముందు వాళ్ళమ్మ ఊడ్చేది. అమ్మ పోయాక ఆ చీపురే ఈమెకొచ్చింది. తర్వాత బొగ్గు మూసేశారు. పనిలో ఉన్నవాళ్ళందరికీ సోలార్ పని నేర్పిస్తామన్నారు. పనిలో ఉన్నవాళ్ళంటే పుస్తకంలో పేరున్నవాళ్ళు. ఊడ్చేవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మగవాళ్ళకి స్క్రూడ్రైవర్లిచ్చారు. ఈమె దగ్గర చీపురు తీసుకుని వైపర్ ఇచ్చారు. పోనీలే, కర్ర పొడుగైంది, నడుం వంగక్కర్లేదు."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ముక్కని అరచేతిలో తిప్పుతూ ఉంది.

"ఒకరోజు కడుగుతుంటే కాలిన వాసనొచ్చింది. బొగ్గు దగ్గర పెరిగిన మనిషి. ఎక్కడ రాజుకుంటుందో ముక్కుకే తెలుసు. టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది. ఆయనొచ్చేది తొమ్మిదింటికి. తొమ్మిదింటికి ఎండ తగిలి సోలార్ ప్లేటు లేచి కూర్చుంటుంది, ముట్టుకుంటే కరుస్తుంది. పొద్దు పొడవకముందైతే నిద్రలో ఉంటుంది. అందుకని ఆయన ఒక్కసారి పెందలాడే వచ్చి చూపించాడు. స్విచ్ ఎలా దించాలి, కాలింది ఎలా కోయాలి, కొత్తది ఎలా నొక్కి బిగించాలి. ఆ నొక్కే పటకారు ఆమె దగ్గరే ఉంచేసి వెళ్ళాడు. ఇక రాలేదు. రావాల్సిన పనేముంది? పద్నాలుగో వరస, మూడో టేబుల్ కింద, అదే ప్యానెళ్ళు బిగించిన స్టాండు కింద, మొదటిది మార్చింది. ఎర్ర లైటు పోయి ఆకుపచ్చది వెలిగింది. ఎనిమిది నెలల్లో పదకొండు మార్చింది. తొమ్మిదింటికి ఆయనొచ్చి పుస్తకంలో సంతకం పెడతాడు."

"మరి ఆమె ఎక్కడ పెడుతుంది సంతకం?" అంది పొడుగామె.

"తడి అద్దం మీద. వేలితో పేరు రాసుకుంటుంది. ఎండొచ్చేలోపు తుడిచేస్తుంది."

మేడం నా చెవి దగ్గరికి వంగి, "ఇదీ కథంటే" అన్నారు.

సాయంత్రం ఇద్దరం ఆరేసిన బట్టలు మడతపెడుతున్నాం.

"అది రాయకు" అంది అక్క.

"ఏది?"

"వరస నంబరూ, తీగల సంగతీ. చీపురు రాసుకో, వైపర్ రాసుకో. జూన్‌లో ట్రైనింగ్ లిస్టు వస్తుంది. ఆడవాళ్ళకి రెండు సీట్లు. పదో తరగతి కావాలంటున్నారు. టెక్నీషియన్ ఇంజనీరుతో మాట్లాడి అనుభవం కింద నా పేరు పెట్టిస్తానన్నాడు. పర్మిషన్ లేకుండా తీగ ముట్టుకున్నానని ఈలోపు తెలిసిందనుకో, సీటు మాట అటుంచి గేటు కూడా దాటనివ్వరు."

"మరి అక్కడెందుకు చెప్పావు?"

అక్క నా జాకెట్టు చేతులు సరిచేసి మడతపెట్టింది. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. అడిగేసరికి వచ్చేసింది."

"రాయనులే."

"ఒట్టు?"

"ఒట్టు."

కాలిన ముక్కని నా పెన్నుల డబ్బాలో పడేసింది. తన దగ్గర దొరికితే మంచిది కాదట.

మార్చి 28

మేడం నా కథలన్నీ చదివారు. భాష శుభ్రంగా ఉందన్నారు. నూనె సీసా కథకి నవ్వారు. తర్వాత ఫారాలన్నీ ఒద్దికగా సర్ది, "తీగల ఆవిడ కథ కనబడలేదే?" అన్నారు.

"రాయొద్దందండి."

"భయపడుతోంది. సహజం. ఆ భయం దాటించడానికే కదా మనం ఉన్నది? పేరు రాయట్లేదు కదా?"

"లేదండి."

"మరి?"

మే తొమ్మిదిన ముగింపు సభ. కంపెనీవాళ్ళు వస్తారు. ఈ వర్క్‌షాపులకి డబ్బిచ్చేది వాళ్ళే. మా ముగ్గురిలో ఎవరి కథ బాగుంటే వాళ్ళు చదవాలి. మిగతా ఇద్దరి కథల్లోనూ మలుపులున్నాయట.

ఏప్రిల్ 2

అక్క తనకి తాను అడ్డుపడుతోంది. ఇది నేను చల్లగా ఆలోచించి రాస్తున్న మాట. టెక్నీషియన్ ఇంజనీరుతో మాట్లాడతాడట, ఇంజనీరు ఇంకెవరితోనో మాట్లాడతాడట. ఎవరికి గుర్తుంటుంది? అదే పైవాళ్ళు నేరుగా వింటే? మా ప్లాంటులో ఇంత పనితనం ఉన్న మనిషి ఉందా అని వాళ్ళే పిలిచి సీటిస్తారు. చదువులేని మనిషికి ఇది అర్థం కాదు. నేను ఎందుకు చదువుకున్నట్టు మరి?

నేను నాలుగో తరగతికి వెళ్ళిన ఏడు అక్క చీపురు పట్టింది. దానికి బదులు చేయగలిగింది ఇదొక్కటే.

ఏప్రిల్ 9

రాశాను. మొదట వరస నంబరు లేకుండా రాశాను. 'ఆమె కొన్ని సాంకేతిక పనులు కూడా నేర్చుకుంది.' చచ్చుగా ఉంది. ఏ ఊళ్ళో ఏ ఆడమనిషైనా కావచ్చు. 'పద్నాలుగో వరస, మూడో టేబుల్' అనగానే ఆమె లేచి నిలబడింది. వాసన వచ్చింది, చీకటి వచ్చింది, వేళ్ళు కనబడ్డాయి. చదువుకుంటుంటే నాకే ఏడుపొచ్చింది. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు.

పేరు రాయలేదు.

ఏప్రిల్ 10

పేరు ఎక్కడా రాయలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

అక్కకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. చీపురు పోయి వైపర్ వచ్చినచోట తలాడించింది. కాలిన వాసన దగ్గర కళ్ళు తెరిచింది, మళ్ళీ మూసుకుంది.

"ఇంతేనా? పేజీ నిండా ఉందే" అంది.

"నా అక్షరాలు పెద్దవి."

"బాగుంది. నేనే ఇంత బాగా చెప్పానా, నువ్వు అతికించావా?"

సంతకం పెట్టింది. మూడో తరగతిలో ఉండగా నేనే నేర్పాను, పెరటి గోడ మీద బొగ్గుముక్కతో. ఇప్పటికీ ఒక్కో అక్షరం విడివిడిగా, గోడ మీద రాసినంత పెద్దగా రాస్తుంది. రాసి, కాగితం ఎత్తి వెలుగులో చూసుకుంది. "ఇది తుడవక్కర్లేదు" అంది.

మే 9, శుక్రవారం

నా కథే ఎంచుకున్నారు. నేనే చదివాను. చివరి మాట అవగానే చప్పట్లు. మొదటి వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ప్లాంటు ఆడవాళ్ళని పిలవలేదు. సభ పొద్దున పెట్టారు, వాళ్ళు పనిలో ఉంటారు.

టీ దగ్గర కంపెనీ సేఫ్టీ ఆఫీసరు వచ్చి పలకరించారు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. "చాలా బాగా రాశావమ్మా. ఆ పద్నాలుగో వరస కల్పన కదూ?"

"కాదండి. ఒక్క ముక్క కూడా కల్పించలేదు."

"అవునా" అన్నారు. నా భుజం తట్టారు. చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. సీటు సంగతే అయ్యుంటుంది. అక్కకి ఇప్పుడే చెప్పను. లిస్టు వచ్చాక చెబుతాను.

మే 12, సోమవారం

అక్క ఏడింటికే వచ్చేసింది, చెప్పుల్లేకుండా. పని మధ్యలో గేటు దగ్గరికి పిలిచి పాసు తీసుకున్నారట. రబ్బరు బూట్లు కంపెనీవి, అక్కడే విప్పి ఇమ్మన్నారట. సొంత చెప్పులు లోపల షెడ్డులో ఉన్నాయి. తెచ్చుకుంటానంటే, పాసు లేనివాళ్ళు లోపలికి వెళ్ళకూడదన్నారట.

"పోనీ ఎవరినైనా పంపి తెప్పించమని అడగకపోయావా?" అన్నాడు నాన్న.

"అడిగాను. అది వాళ్ళ పని కాదంట."

నాన్న బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. అక్క కాళ్ళు కడుక్కుంది. అరికాలిలో చిన్న గాజు పెంకు. నేను తీశాను. "అబ్బ, మెల్లిగా తీయవే, అది నీ రాతపని కాదు" అంది.

ఎందుకు తీసేశారో చెప్పలేదట.

మే 13

పేరు రాయలేదు.

మే 14

మేడంని అడిగాను. కంపెనీవాళ్ళతో మాట్లాడమన్నాను. ఆవిడ చాలా బాధపడ్డారు. నా చెయ్యి పట్టుకున్నారు. కానీ కంపెనీ లోపలి వ్యవహారాల్లో మనం తలదూర్చకూడదన్నారు. వర్క్‌షాపులు ఇంకో నాలుగు చోట్ల పెట్టాల్సి ఉంది, అవన్నీ ఆగిపోతాయి అన్నారు. నిజమే. అక్కడా ఆడవాళ్ళు ఉన్నారు.

"మన దగ్గర సంతకం ఉంది కదా?" అని అడిగారు.

"ఉందండి."

"హమ్మయ్య."

మే 16, శుక్రవారం

టెక్నీషియన్ ఇంటికొచ్చాడు. నేననుకున్నంత పెద్దవాడు కాదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అతన్ని వేరే ప్లాంటుకి పంపేశారట. అక్క కుర్చీ వేసింది. కూర్చోలేదు.

"నీ పేరు నేను చెప్పలేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. వాళ్ళే పద్నాలుగో వరస రికార్డు తీశారు. నా సంతకాలన్నీ తొమ్మిదింటివి. మిషన్‌లో చూస్తే లైటు పొద్దున్న అయిదున్నరకే ఆకుపచ్చగా మారింది. ఆ టైములో ఆ వరసలో ఎవరున్నారో గేటు పుస్తకంలో ఉంది."

"ఇన్నాళ్ళకి ఒక పుస్తకంలో నా పేరు పనికొచ్చింది" అంది అక్క.

"నన్ను తిట్టు, పడతాను. కానీ మూడో టేబుల్ సంగతి వాళ్ళకెలా తెలిసిందో నాకర్థం కావట్లేదు. మొదటిది అక్కడే మార్చావని నీకూ నాకూ తప్ప..."

నేను టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాను. అక్క తల తిప్పి నన్ను చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

"ఆయనకి టీ ఇవ్వు, చల్లారిపోతుంది" అంది.

మే 17

అంతా చదవలేదు. ఏప్రిల్ ఇరవై రెండున. రెండు వాక్యాలు దాటేశాను.

'పద్నాలుగో వరసలో మూడో టేబుల్ కింద ఎర్ర లైటు వెలిగితే, టెక్నీషియన్ రాకముందే ఆమె స్విచ్ దించి, కాలిన కనెక్టర్ కోసి, కొత్తది బిగించింది. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు.'

ఈ రెండే. గొంతు కూడా ఆగలేదు. ముందు వాక్యం చివర ఊపిరి తీసుకుని తర్వాతి పేరా ఎత్తుకున్నాను. ముందే పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకున్నాను, ఎక్కడినుంచి ఎక్కడికి దూకాలో. అంటే అప్పటికప్పుడు తోచింది కాదు.

పెన్సిల్ గీత తర్వాత రబ్బరుతో చెరిపేశాను.

మే 18

అక్క అడగలేదు.

మే 19

అడగలేదు.

మే 24, శనివారం

పుస్తకానికి ఫొటోలు తీయడానికి మేడంతో ప్లాంటులోకి వెళ్ళాను. నా మెడలో 'అతిథి' అని కార్డు వేశారు. నీళ్ళ సీసా ఇచ్చారు. పక్కాది కట్టేదాకా అతిథులకని ఒక మరుగుదొడ్డి గది తెచ్చిపెట్టారు, చక్రాల మీద. తాళం సూపర్‌వైజరు దగ్గర ఉంది.

వరసలకి నంబర్లు ఉన్నాయి, పసుపు రంగు రేకు మీద. పద్నాలుగు చూశాను. మామూలు వరస.

షెడ్డు దగ్గర పొడుగామె నాకొక సంచి ఇచ్చింది. అక్క చెప్పులు. శుభ్రంగా కడిగి, కాగితంలో చుట్టి ఉన్నాయి.

"మళ్ళీ ఎప్పుడు కుర్చీలేస్తావమ్మా గుండ్రంగా?" అంది.

"జూన్‌లో ఇంకో విడత ఉందండి."

"అలాగా. ఈసారి మేం కూడా నోట్లో నూనె పోసుకునొస్తాం."

వెనక ఇద్దరు నవ్వారు. నాకు నడవడానికి చాలాసేపు పట్టింది, గేటు అంత దూరమేం కాదు.

చెప్పులు గుమ్మం దగ్గర పెట్టాను. అక్క వేసుకుంది. "లోపలికి నిన్ను రానిచ్చారా?" అని అడిగింది. ఊఁ అన్నాను.

జూన్ 3

లిస్టు వచ్చింది. ఆడవాళ్ళ సీట్లకి తగినవాళ్ళు దొరకలేదని రెండూ మగవాళ్ళకిచ్చారు. నోటీసు బోర్డు దగ్గర చూసి వచ్చి నాన్నకి చెప్పాను. అక్కకి నాన్న చెప్పాడు.

జూన్ 5, గురువారం

కథలన్నీ పుస్తకంగా వేస్తున్నారు. మేడం నా కథ చివర కొంచెం మార్చారు. ఆశ గడి ఖాళీగా ఉందట. పుస్తకం ఏడుపుతో ముగియకూడదు, చదివినవాళ్ళకి దారి కనబడాలి అన్నారు. మార్చాం కాబట్టి మళ్ళీ చదివి వినిపించి సంతకం తేవాలి. నియమం.

వద్దని అనొచ్చు నేను. దారంతా అదే అనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చేవారం పర్మనెంటు సంగతి తేలుతుంది. ఇప్పుడు ఇంట్లో జీతం నాదొక్కటే.

అక్క కూరగాయలు తరుగుతోంది. కాగితం చూసి కత్తిపీట పక్కకి జరిపింది. "అంతా చదువు. ఈసారి."

అంతా చదివాను. పద్నాలుగో వరస చదివాను. 'పదకొండుసార్లు' అన్నదీ చదివాను. అక్క కళ్ళు మూసుకోలేదు. కాగితం వంక కాదు, నా నోటి వంక చూస్తూ వింది. కొత్త ముగింపు వచ్చింది.

'ఆమె ప్రతిభను గుర్తించిన సంస్థ ఆమెకు అవకాశం కల్పించింది. నేడు ఆమె అదే ప్లాంటులో టెక్నీషియన్‌గా శిక్షణ పొందుతోంది. ఎండ అందరిదీ.'

"అయితే నాకు ఉద్యోగం వచ్చిందన్నమాట" అంది అక్క.

నేను కాగితం అంచులు సరిచేశాను.

"ఎప్పటినుంచి రమ్మన్నారు? చెప్పులు వేసుకుని వెళ్ళొచ్చంటనా?"

నాన్న అటు తిరిగి దగ్గాడు.

"అక్కా, ఇష్టం లేకపోతే..."

"నా ఇష్టం నువ్వెప్పుడు అడిగావని? తే."

పెన్నుల డబ్బా తెచ్చాను. పెన్ను కోసం వెతుకుతుంటే కాలిన ముక్క నా చేతికి తగిలింది. పెన్ను తీసి ఇచ్చాను. తీసుకోలేదు.

"ఇంకు డబ్బా లేదా? స్టాంపులకి వాడేది."

"ఎందుకు? నీకు సంతకం వచ్చుగా."

"అది నువ్వు నేర్పింది. దీనికొద్దు."

ఆఫీసు సంచిలో నీలం ఇంకు డబ్బా ఉంది. తీశాను. అక్క బొటనవేలు అద్ది, సంతకం గడిలో ఒత్తింది. గట్టిగా ఒత్తింది, గడి దాటి కొంచెం పాకింది. వేలు తుడుచుకోకుండానే మళ్ళీ కత్తిపీట లాక్కుంది.

జూన్ 6

ఇచ్చేశాను.

చింపేయొచ్చు అనుకున్నాను. మెట్లు ఎక్కేదాకా అనుకున్నాను.

జూన్ 11, బుధవారం

ఇచ్చిన రోజు మేడం ఆ కాగితం వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. ముందు కాగితంలో సంతకం ఉంది కదా, ఇప్పుడు ముద్ర ఎందుకని అడుగుతారేమో అనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, చెయ్యి నొప్పిగా ఉందని.

"ఎంత బాగుందో చూడు. ఒక్కో గీతలో ఒక్కో కష్టం కనబడుతోంది. దీన్నే పెద్దది చేసి అట్ట మీద వేద్దాం" అన్నారు.

వేశారు. ఈరోజు నమూనా ప్రతి వచ్చింది. నీలం ముద్ర, దాని వెనకనుంచి పసుపు కిరణాలు. లోపల నా కథ మొదటిది. కింద నా పేరుంది. పుస్తకం మొత్తంలో ఉన్న పేర్లు రెండే. నాది, మేడంది.

పర్మనెంటు చేశారు నన్ను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాను. నాన్న, "ఎవరికొచ్చినా మన ఇంటికే కదా" అన్నాడు. అక్క మంచిదంది. పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట మీద ముద్ర పక్కన తన వేలు ఆనించి చూసుకుంది. వేలికన్నా ముద్ర చాలా పెద్దది. పుస్తకం తిరిగి నాకిచ్చేసింది.

అక్క ఇప్పుడు సాయంత్రాలు నీళ్ళు తాగుతోంది. అన్నం తిన్నాక చెంబెడు నీళ్ళు ఆగకుండా తాగి, మూతి తుడుచుకుని, చెంబు మళ్ళీ నింపి నా ముందు పెట్టింది.

"తాగు" అంది. "నీ ఆఫీసులో మరుగుదొడ్డి ఉందిగా."

తాగాను.